గోడను విడిచి బొమ్మను చదవగలమా? – చికానో కుడ్యచిత్రాల స్థానికత

అస్తిత్వ చర్చలలో చికానో కళ ప్రస్తావనకు వచ్చినప్పుడు దానిని వలసవేదనగా వర్గీకరించి ముగించడం ఒక తేలిక మార్గం. ఈ వర్గీకరణ చరిత్రకు నిలవదు. 1848 నాటి గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో మెక్సికో ఉత్తర భూభాగం అమెరికా సంయుక్త రాష్ట్రాల వశమైంది. అక్కడివారు సరిహద్దు దాటలేదు. సరిహద్దే వారిని దాటింది. తరువాత వలస వచ్చినవారు సైతం ఈ స్మృతికి వారసులయ్యారు. ఒకప్పుడు చులకనగా వాడిన ‘చికానో’ అన్న పేరును 1960ల ఉద్యమం ఆత్మగౌరవ చిహ్నంగా మలచుకొన్నది. కనుక ఈ కళకు కేంద్రం ప్రయాణం కాదు, నేల.

శాన్ డియాగోలోని బారియో లోగన్ ఇందుకు నిదర్శనం. 1960లలో అంతర్రాష్ట్ర రహదారి, 1969లో ప్రారంభమైన కొరొనాడో వంతెన ఆ పేటను చీల్చివేశాయి. ఉద్యానవనం కోసం ఎదురుచూసిన చోట రహదారి పోలీసు కేంద్రం నిర్మాణానికి పూనుకోగా, 1970 ఏప్రిల్ 22న ప్రజలు ఆ నేలను స్వాధీనం చేసుకొన్నారు. అదే చికానో పార్కు. 1973 నుంచి వంతెన స్తంభాలపై చిత్రాలు వెలిశాయి. తమను విడదీసిన కాంక్రీటు మీదనే వారు తమ చరిత్రను లిఖించారు. ఆ స్తంభాన్ని తొలగించి చిత్రాన్ని మాత్రమే చూపితే రంగులు మిగులుతాయి, వాదం మిగలదు.

స్థానికతకు కట్టుబడిన కళ సార్వజనీనం కాజాలదన్న ఆక్షేపణ ఉన్నది. దీనికి సమాధానం లాస్ ఏంజెలెస్‌లోనే లభిస్తుంది. మెక్సికన్ చిత్రకారుడు సికేరోస్ 1932లో అక్కడి ఒల్వెరా వీధిలో ‘అమెరికా ట్రాపికల్’ను చిత్రించాడు. శిలువ వేయబడిన ఆదివాసి, అతని పైన అమెరికా గద్ద. కొన్నేళ్లలోనే దానికి సున్నం పూశారు. అమూర్త మానవతను చిత్రించి ఉంటే ఆ సున్నం అవసరమయ్యేది కాదు. అధికారాన్ని కలవరపరచింది దాని స్థలనిర్దేశమే.

స్థానికత అంటే సంప్రదాయ స్తుతి కూడా కాదు. 1978లో యోలాండా లోపెజ్ తనను తానే గ్వాదలూపే మాతగా, పరుగుతీసే స్త్రీగా చిత్రించి, సముదాయం లోపలి పురుషాధిపత్యాన్ని ప్రశ్నించింది.

2022లో రివర్‌సైడ్‌లో చికానో కళకు ప్రత్యేక ప్రదర్శనశాల వెలసింది. అది గుర్తింపే గాని గమ్యం కాదు. 1972లో ఆస్కో బృందం లాస్ ఏంజెలెస్ కళాప్రదర్శనశాల బయటి గోడపైనే పేర్లు రాసి, లోపలికి ఎవరిని రానిస్తారో నిర్ణయించే అధికారాన్నే నిలదీసింది.

దళిత, తెలంగాణ సాహిత్యాలను వాడ నుంచి, నేల నుంచి వేరుచేసి చదవరాదని మన విమర్శ వాదించింది. పరాయి దేశపు కళ విషయంలో ఆ సూత్రాన్ని సడలించడం న్యాయం కాదు. గోడ ఎవరిది, అక్కడ ఎవరి ఇల్లు కూలింది అని అడగని పరిశోధన, ఆ రహదారి చేసిన పనినే కాగితం మీద మరల చేస్తుంది.