లెక్కకెక్కని కౌలుదారు

2025 జూన్ 16వ తేదీని కేంద్ర ప్రభుత్వమువారు జనాభా లెక్కల ప్రకటన వెలువరించిరి. 2027 మార్చి 1వ తేదీని లెక్కకు ప్రమాణదినముగా నిర్ణయించిరి. 2021లో జరుగవలసిన కార్యము ఆరేండ్లు వెనుకబడినది. 2011 నాటి అంకెలతోనే దేశము పదునారేండ్లు గడుపవలసి వచ్చినది. ఆలస్యమైన నేమి, జరుగుటయే పదివేలని సంతసించువారితో మాకు పేచీ లేదు. కాని ఎప్పుడు లెక్కింతురను దానిని గూర్చి జరిగిన వాదములో, ఎవరిని లెక్కింతురు, ఏమని లెక్కింతురు అను ప్రశ్న మఱుగునపడినది. మేమా ప్రశ్ననే యడుగుచున్నాము.

చిన్న సేద్యపు గ్రామము నొకదానిని తీసికొందము. జిల్లా జనాభా లెక్కల పుస్తకములో దానికి దక్కునది ఒక్క వరుస. ఇండ్లెన్ని, తలలెన్ని, చదువు వచ్చినవారెందరు అని చెప్పి, జీవనోపాధి దగ్గరకు వచ్చుసరికి నాలుగు గదులు చూపుదురు: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలవారు, ఇతరులు. ఊరి బ్రతుకంతయు ఈ నాలుగింటిలో ఇమిడిపోవలయును. ఇందులో సాగుదారు ఎవరు? స్వంత భూమిని గాని, సర్కారు భూమిని గాని, పరులనుండి పైకమునకో ధాన్యమునకో పాలునకో తీసికొన్న భూమిని గాని దున్నువాడు. దున్నకున్నను దగ్గరనుండి దున్నించువాడు. అనగా, ఇరువది యెకరముల ఆసామి గట్టుమీద గొడుగు పట్టుకొని నిలిచినను సాగుదారే. ఆయన చేలోనే రెండెకరములు కౌలునకు తీసికొని, పండినను పండకున్నను బస్తాలు కొలిచి యిచ్చువాడును సాగుదారే. ఇరువురికి ఒకటే గది, ఒకటే అంకె. కోనసీమ కొబ్బరితోట రైతు మాత్రము ఈ నిర్వచనము ప్రకారము సాగుదారే కాడట! కొబ్బరి, పోక, తేయాకు, కాఫీ, రబ్బరు తోటలు సాగు క్రిందికి రావు గనుక, ఆతడు బడిపంతులుతోను తపాలా బంట్రోతుతోను కలిసి 'ఇతరులలో' కూర్చుండవలయును. చెట్టెక్కి కాయ దింపువానికి ఈ సంగతి తెలిసినచో నవ్వునో ఏడ్చునో మేము చెప్పజాలము.

సొంతదారుని, కౌలుదారుని వేరుపరచుట అసాధ్యమని ఎవరును అనజాలరు. స్వతంత్ర భారతమున జరిగిన మొదటి లెక్క 1951 నాటిది. ఆనాడు సేద్యముపై బ్రతుకువారిని నాలుగు తరగతులుగా విడదీసిరి. పూర్తిగానో ప్రధానముగానో స్వంత భూమిని దున్నుకొనువారు మొదటి తరగతి. పరుల భూమిని దున్నువారు రెండవది. కూలి చేయువారు మూడవది. తాము దున్నక కౌలు తినువారు నాలుగవది. దేశవిభజన గాయము పచ్చిగా నుండగా, కాగితమును కలమును తప్ప వేరు సాధనము లేని గణకులు ఊరూర తిరిగి ఈ పని చేసిరి. 1961లోను ఇంటివారు సాగుచేయు భూమి స్వంతమా, పరులనుండి తీసికొన్నదా యని అడిగిరి. 2001, 2011 సంవత్సరముల లెక్కలకు వచ్చుసరికి కౌలుదారు సాగుదారులలో కలిసిపోయెను. కౌలు తినువాడు పుటనుండియే మాయమయ్యెను. ఆయన ఉద్యోగియైనచో పట్టణమున 'ఇతరులలో' చేరును; ఏ పనియు చేయనివాడైనచో పనిలేనివారిలో చేరును. ఊరి పంటలో ఆయనకు ముట్టు భాగము మాత్రము ఏ గదిలోను కనబడదు. రెండవ తరగతిని విడుచుట మఱపు కావచ్చును. నాలుగవ తరగతిని విడుచుట కొందరికి మిక్కిలి అనుకూలమైన మఱపు.

ఊరిలోనికి పోయి గడపగడపను అడిగినవారికి ఈ సత్యము దాగలేదు. కృష్ణా డెల్టాలో కొల్లూరు చెంతనున్న అనంతవరమును 1974లో పుచ్చలపల్లి సుందరయ్యగారు పరిశీలించిరి. 2005-06లో ఆర్థికశాస్త్ర పరిశోధకులు మరల అదే ఊరికి పోయిరి. పచ్చని మాగాణి నడుమ, కాలువ నీరు పారు ఊరిలో, భూమి లేని కుటుంబములే అధికమనియు, కౌలు సేద్యము విస్తారమనియు, కౌలు భారము మిక్కిలి హెచ్చనియు తేలినది. సర్కారు పుస్తకములో ఆ ఊరి వరుసను ఎన్నిమార్లు చదివినను ఇది తెలియదు. అవిభక్త ఆంధ్రప్రదేశమున 2011లో సాగుదారులు సుమారు 65 లక్షలు, వ్యవసాయ కూలీలు సుమారు 1 కోటి 70 లక్షలు అని లెక్క తేల్చినది. ఆ 65 లక్షలలో పరుల భూమిని దున్నువారెందరో ఆ లెక్క చెప్పదు.

చెప్పకున్న నేమి నష్టమందురా? నష్టము రూపాయలలో నున్నది. 2018లో తెలంగాణమున రైతుబంధు పుట్టినది; ఎకరమునకు పంటకు నాలుగు వేల చొప్పున పట్టాదారులకు ముట్టినది. 2019లో కేంద్రమువారు ఏటికి ఆరు వేల రూపాయల పథకము ప్రకటించిరి. అదియు భూమిగల కుటుంబములకే. 2025 జనవరిలో రైతుబంధు రైతు భరోసాగా మారి ఆరు వేలైనప్పుడును పాసుపుస్తకము గలవానికే చేరినది. కష్టమొకరిది, కాసు మరొకరిది. ఆంధ్రప్రదేశమున 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చు చట్టమును చేసిరి; 2019లో దానిని మార్చి, పదునొకండు నెలల ఒప్పందముపై యజమాని సంతకముండిననే కార్డని నిబంధించిరి. సంతకము చేయుటకు యజమాని జంకును. సంతకము లేనిదే బ్యాంకు గడప దాటనీయదు. కౌలుదారు తిరిగి వడ్డీవ్యాపారి అరుగు మీదికే చేరును. ఏమని అడిగిన, "కౌలుదారులెవరో మాకెట్లు తెలియును?" అని అధికారుల జవాబు. తెలియనివారు అడుగవచ్చును గదా! ఇంటింటికి గణకుని పంపి, ఇంటికి కప్పేమి, దీపమేమి, వంటచెరకేమి యని అడుగుచున్న ప్రభుత్వమునకు "నీవు దున్ను భూమి ఎవరిది?" అను ఒక్క మాట నోట రాదా? కులమును అడుగుటకు 2025లో నిశ్చయించిరి. 1931 తరువాత సంపూర్ణముగా లెక్కింపని దానిని తిరిగి లెక్కించుటకు ధైర్యము కలిగినవారికి, 1951లో లెక్కించిన దానిని లెక్కించుటకు ధైర్యమేల చాలకుండవలయును?

ఇచ్చట మా చదువరులతోనే కొంత మాట్లాడవలసియున్నది. ఈ పత్రికను గ్రంథాలయములందు చదువు పట్టణవాసులలో అనేకులకు ఊరిలో నాలుగైదెకరములు కలవు. తండ్రి యిచ్చినదో, మామగారిచ్చినదో. తాము ఉద్యోగములలో నుండి నోటిమాట మీద కౌలునకిచ్చియున్నారు. వారందరు దుర్మార్గులని మేమనము. తెలంగాణమున 1950 చట్టము, ఆంధ్రమున 1956 చట్టము కౌలుదారునకు హక్కులిచ్చినవి. కాగితము మీద పేరెక్కినచో భూమి చేజారునన్న భయము నాటినుండియు నున్నది. ఉన్న రెండెకరములే ఆధారమైన వితంతువు ఆ భయపడిన తప్పుపట్టలేము. కాని జనాభా లెక్కకు ఈ భయమునకు సంబంధమే లేదు. 1948 జనాభా లెక్కల చట్టము 15వ సెక్షను ప్రకారము గణకుడు వ్రాసికొన్నది ఎవరును తనిఖీ చేయరాదు. దానిని సివిలు న్యాయస్థానమున సాక్ష్యముగా చేకొనరాదు. లెక్క చీటీ చూపి ఏ కౌలుదారును మీ సెంటు భూమిని తీసికొనజాలడు. కౌలుదారులు ఇందరని దేశమునకు తెలియును; ఈ ఫలానావాడు మీ కౌలుదారని కచేరీకి తెలియదు. ఇంతకన్న నిరపాయమైన నిజము చెప్పుటకు అవకాశము మరి యెచ్చట దొరకును?

ఊరి బ్రతుకు ఒక్క గదిలో నిలుచునది కాదనియు గుర్తింపవలెను. 2018-19లో ప్రభుత్వమువారి నమూనా సర్వేయే వ్యవసాయ కుటుంబమునకు నెలకు సగటు రాబడి 10,218 రూపాయలని చెప్పినది. అందు పంట వలన వచ్చినది 3,798, కూలి జీతముల వలన వచ్చినది 4,063. రైతని పిలువబడు కుటుంబము కూలి డబ్బుతో ఎక్కువ బ్రతుకుచున్నది! ఇక స్త్రీల సంగతి. ఇంటి వాడకము కొరకే గేదెను పోషించి పాలు పిదికినను అది పనియే యని లెక్కల నియమము. నియమము మంచిదే. కాని గణకుడు వాకిట నిలిచినప్పుడు జవాబు చెప్పునది మగవాడు. "ఆవిడ ఇంటిపని" అని ఒక్క మాటతో తేల్చును. నాటువేసి, కలుపుతీసి, ప్రత్తి ఏరిన చేతులు పనిలేని చేతులలో పడును.

మెట్ట గ్రామములకు మరొక అన్యాయము కలదు. 2011లో గణకులు ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు తిరిగిరి. ఖరీఫు పంట ఇంటికి వచ్చిన పిదప పాలమూరు పల్లెలనుండి జనము పిల్లాపాపలతో వలసపోవు కాలమది. ఆ దినములన్నియు ఊరలేనివానిని ఊరిలో వ్రాయరాదు. ఎచ్చట దొరకిన అచ్చట వ్రాయవలెను. గుడారములో, సగము కట్టిన మేడ క్రింద ఎవడు వెదకి వ్రాయును? వ్రాసినను ఆ తల పట్నమునకు చేరును గాని, బడియు బావియు కావలసిన ఊరికి చేరదు.

కావున మేము కోరునది స్పష్టము. 1951 నాటి నాలుగు తరగతులను మరల నిలుపవలెను. స్త్రీ చేయు పనిని స్త్రీనే అడిగి వ్రాయవలెను. వలసపోయినవానికి స్వగ్రామమేదో, ఎన్ని నెలలకు తిరిగి పోవునో చీటీలో చోటుండవలెను. ప్రతి గ్రంథాలయమువారును, గ్రామసభవారును ఈ మూడు కోరికలను తీర్మానించి, ఢిల్లీలోని రిజిస్ట్రారు జనరలుగారికిని, తమ పార్లమెంటు సభ్యునికిని పంపుదురు గాక. ఊరిలో పొలమును కౌలునకిచ్చిన చదువరులు ఆ తీర్మానముపై మొదటి సంతకము తామే చేయుదురని ఎదురుచూచుచున్నాము.