మైళ్లు మనవి, రూల్సు వాళ్లవి

1988లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు ఒక కొత్త కబురు చెప్పింది. మైళ్లు చెల్లించి తీసుకునే టికెట్లకు ఇకపై విమానానికి ఇన్ని సీట్లే ఉంటాయి, రద్దీ రోజుల్లో అసలు ఉండవు అని. రేపటి నుంచి పోగయ్యే మైళ్లకే ఈ షరతు అంటే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. అప్పటికే ఖాతాల్లో ఉన్న మైళ్లకూ ఇదే వర్తిస్తుందంది. 1981 మేలో ‘ఆడ్వాంటేజ్’ పథకం మొదలైంది మొదలు, పక్క కంపెనీ టికెట్ చవగ్గా దొరికినా కాదని ఇదే విమానం ఎక్కినవాళ్లకు ఒళ్లు మండింది. కొందరు షికాగోలో కోర్టుకెక్కారు.

వాళ్లడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. రూల్సు మార్చుకునే హక్కు కంపెనీకి ఉందని ముందే ఒప్పుకున్నారు. మార్చుకోండి, పాత మైళ్లకు మాత్రం పాత రూల్సే ఉంచండి అన్నారు. కంపెనీ అసలు విషయానికి రాకుండా కేసే చెల్లదంది. విమాన ఛార్జీలు, రూట్లు, సేవల విషయంలో రాష్ట్రాల చట్టాలు వేలు పెట్టకూడదని 1978 నాటి కేంద్ర చట్టం చెబుతోందని వాదించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995 జనవరిలో జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ రాసిన తీర్పు చెరో సగం ఇచ్చింది. రాష్ట్ర వినియోగదారుల మోసాల చట్టం కింద దావా కుదరదు. కానీ కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట తప్పిందని, ఒప్పందాన్ని ఉల్లంఘించిందని దావా వేసుకోవచ్చు.

ప్రయాణికులు గెలిచారనిపించే తీర్పే. అయితే దాన్ని అందరికన్నా శ్రద్ధగా చదివింది విమాన కంపెనీల లాయర్లు. మాట ఇస్తేనే కదా తప్పామనేది! ఇవాళ ఆడ్వాంటేజ్ నిబంధనలు తీసి చూస్తే మైళ్లు సభ్యుడి ఆస్తి కావని, నోటీసు ఇచ్చి గానీ ఇవ్వకుండా గానీ ఏ రూలైనా ఎప్పుడైనా మార్చవచ్చని ఉంటుంది. మిగతా కంపెనీల పత్రాలూ ఇంచుమించు ఇదే పాట పాడతాయి. 2014లో మిన్నెసోటాకు చెందిన ఒక యూదు మతగురువు కేసులో ఉన్న కాస్త తలుపూ మూసుకుపోయింది. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌ మైళ్ల పథకంలో ఆయన పై శ్రేణి సభ్యుడు. ఫిర్యాదులు మరీ ఎక్కువ చేస్తున్నారంటూ 2008లో కంపెనీ ఆయన్ని పథకం నుంచే తీసేసింది. చిత్తశుద్ధితో వ్యవహరించలేదన్న ఆయన వాదన ఆ 1978 చట్టం ముందు నిలవదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

పాత మైళ్లకు పాత రూల్సు నడపడం సాంకేతికంగా అయ్యే పని కాదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. 1989 జులైకి ముందు సంపాదించిన మైళ్లను గడువు లేని మైళ్లుగా విడిగా లెక్కగట్టి, రెండు దశాబ్దాలకు పైగా నడిపింది సాక్షాత్తూ ఆ అమెరికన్ ఎయిర్‌లైన్సే. 2011లో గానీ వాటిని మామూలు మైళ్లలో కలపలేదు, అదీ కొంత అదనం చేర్చి. అప్పటి కంప్యూటర్లతో చేతనైంది ఇప్పటి కంప్యూటర్లతో చేతకాదా?

ఇది డల్లాస్ తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథే. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో. అమ్మానాన్నలను రప్పించడానికో, పిల్లల్ని తాతగారింటికి పంపడానికో ఏళ్ల తరబడి మైళ్లు దాచుకునే ఇళ్లు అక్కడ ఎన్నో. భాగస్వామ్య సంస్థల విమానాల్లో అమెరికా నుంచి భారత్‌కు ఒకవైపు ఫస్ట్ క్లాస్ టికెట్ 2016 మార్చి 21 వరకు 90,000 మైళ్లు. మర్నాటి నుంచి 1,15,000. అంటే దంపతుల కోసం 1,80,000 మైళ్లు దాచి పెట్టుకున్నవాళ్లకు రాత్రికి రాత్రి 50,000 తక్కువైంది. నిజం చెప్పాలంటే అదే రోజు ఎకానమీ టికెట్ 45,000 నుంచి 40,000కు దిగింది. బిజినెస్ క్లాస్ 67,500 నుంచి 70,000 అయింది, అంతే. పైగా నాలుగు నెలల ముందే చెప్పారు. ఆలోపు టికెట్ తీసుకున్నవారికి ప్రయాణం తర్వాతైనా పాత ధరే చెల్లింది. మార్పు కబురు చెవిన పడగానే చేయాల్సిన పనీ అదే. తారీఖు దాటకముందే టికెట్ చేతికి తెచ్చుకోవాలి. 2014 ఏప్రిల్‌లో మాత్రం ఆ అవకాశమూ దక్కలేదు. దారిలో ఒక ఊళ్లో ఆగి వెళ్లే వెసులుబాటును కంపెనీ చెప్పాపెట్టకుండా ఎత్తేసింది.

మైళ్లు మేం ప్రేమతో ఇచ్చే కానుక, కానుకకు షరతులు పెట్టుకునే హక్కు మాకుంది. కంపెనీల వాదన సారాంశం ఇది. మరి కరోనా వచ్చి విమానాలు నేలకు దిగినప్పుడు ఏం చేశారు? యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్ని తాకట్టు పెట్టి 2020లో 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. డెల్టా 900 కోట్లు, మరుసటి ఏడాది అమెరికన్ 1,000 కోట్లు. బ్యాంకర్ల ముందు మైళ్లు బంగారం, ప్రయాణికుడి ముందు ఉత్త కానుక. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఆ బంగారం ఎలా పుట్టిందన్నదీ రహస్యం కాదు. కంపెనీలు మైళ్లను బ్యాంకులకు అమ్ముతాయి, బ్యాంకులు వాటిని కార్డుదారులకు పంచుతాయి. ఆ డబ్బు వచ్చేది దుకాణదారు చెల్లించే రుసుములోంచి, కార్డు వార్షిక ఫీజులోంచి, కట్టలేక మిగిలిపోయిన బాకీల వడ్డీలోంచి. ముందే డబ్బు చెల్లిపోయిన సరుకును కానుక అనడం సాహసమే.

మన దగ్గర పరిస్థితి ఇంకా పల్చన. 2012లో కింగ్‌ఫిషర్ నేలకు దిగితే కింగ్ క్లబ్ మైళ్లూ దాంతోపాటే పోయాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు మైళ్లు మిగిలాయి, ఎందుకంటే ఆ పథకం వేరే కంపెనీ చేతిలో ఉంది. ఎక్కడానికి జెట్ విమానమే లేదు. 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసినప్పుడు పాయింటుకు పాయింటు ఇచ్చారు. అది మర్యాదే. కానీ అంకె చెక్కుచెదరనంత మాత్రాన సరిపోదు. ఆ పాయింట్లతో ఏ సీటు వస్తుందన్నది కొత్త యజమాని పట్టిక తేలుస్తుంది. హైదరాబాద్‌లో కార్డు పాయింట్లు లెక్కపెట్టుకునేవాళ్లకు యాక్సిస్ బ్యాంక్ మాగ్నస్ క్రెడిట్ కార్డు దెబ్బ ఇంకా గుర్తుండే ఉంటుంది. అప్పటిదాకా ఐదు పాయింట్లకు నాలుగు మైళ్లు వచ్చేవి, 2023 సెప్టెంబరు 1 నుంచి రెండే. ముందటి నెల వరకు సంపాదించిన పాయింట్ల విలువా సగానికి పడిపోయింది.

చిట్‌ఫండ్ నడిపేవాడు సగం వాయిదాలు కట్టించుకున్నాక పాట మొత్తం తగ్గిస్తే జనం ఊరుకోరు, చట్టమూ ఊరుకోదు. పాయింట్ల విషయంలో ఈ పట్టింపు అసాధ్యమేం కాదని కెనడాలోని అంటారియో చూపించింది. అక్కడ ఎయిర్ మైల్స్ అనే పథకం ఐదేళ్లు దాటిన పాయింట్లను 2016 ఆఖరున రద్దు చేయబోయింది. ఖాతాదారులు గగ్గోలు పెట్టారు. కేవలం కాలం గడిచిందన్న కారణంతో పాయింట్లు రద్దు చేయకూడదని అదే ఏడాది చట్టం వచ్చింది. కంపెనీ కూడా వెనక్కి తగ్గింది. అమెరికా రవాణా శాఖ సైతం 2024 సెప్టెంబరులో నాలుగు పెద్ద విమాన కంపెనీలను, పాయింట్ల విలువ ఎలా తగ్గిస్తున్నారో చెప్పాలని వివరాలడిగింది.

మనకు కొత్త చట్టం అక్కర్లేదేమో. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ‘అన్యాయమైన ఒప్పందం’ అనే నిర్వచనం ఉంది. వినియోగదారుడి హక్కుల్ని గణనీయంగా మార్చేసే షరతులు, సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు, ఇవన్నీ దాని కిందికి వస్తాయి. ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌లో చేసుకోవచ్చు. ‘నోటీసు ఇచ్చి గానీ ఇవ్వకుండా గానీ’ వంటి వాక్యాన్ని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరో ఒకరు ఆ నిర్వచనం పక్కన పెట్టి చదివించాలి. కోరాల్సింది కూడా షికాగో ప్రయాణికులు అప్పట్లో కోరినంతే. కొత్త పట్టిక కొత్త పాయింట్లకు పెట్టుకోండి. మార్పు రోజుకు ఖాతాలో ఉన్న పాయింట్లకు మాత్రం కనీసం ఒక ఏడాది పాత పట్టిక ప్రకారమే టికెట్ ఇవ్వండి.