గోడకు కాపలా మనమేనా?

పద్దెనిమిదేళ్లకే ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కు 1989 నుంచీ మన వయసువాళ్ల చేతిలో ఉంది. ఢిల్లీ గద్దె మీద ఎవరు కూర్చోవాలో తేల్చేస్తాం. ల్యాబ్‌లో పక్క స్టూలు మీద కూర్చునే ధైర్యం మాత్రం లేదు! ఇంటర్ రెండేళ్లూ అమ్మాయిలకో మెట్ల దారి, అబ్బాయిలకో మెట్ల దారి. ఆ తర్వాత ఒక్కసారిగా ఇంజనీరింగ్ కాలేజీలోకి వదిలేస్తారు. అవతల ఉన్నదీ మనిషేనని ఎప్పుడు నేర్చుకుంటాం?

పెద్దవాళ్లను తిట్టి ఊరుకుందామా? గోడ కట్టింది వాళ్లే, నిజం. ఇప్పుడు దానికి కాపలా కాస్తున్నదెవరు? మనం కాదూ! ఒకమ్మాయి రికార్డు అడిగితే చాలు, వెనక బెంచీ నుంచి ఈల. అమ్మాయీ అబ్బాయీ క్యాంటీన్‌లో టీ తాగితే సాయంత్రానికల్లా గ్రూపులో మెసేజి: "ఎప్పట్నుంచి మామా?" లవర్ కావాలి, లేదా రాఖీ కట్టిన చెల్లెలు కావాలి. మూడో చోటే లేదా మన బుర్రల్లో? ఫ్రెండ్‌జోన్ చేసిందని ఏడ్చే తమ్ముడూ, ఆ అమ్మాయి నీకేమైనా బాకీ ఉందా? నవ్వి మాట్లాడితే ప్రేమ పత్రం రాసిచ్చినట్టా? ఒక్క "కాదు" విన్నందుకే కదా 2008లో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరమ్మాయిల మీద యాసిడ్ పడింది! ఆ ఈలకీ ఈ యాసిడ్ సీసాకీ మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువేం లేదు.

ఆకర్షణ పుట్టదా అంటారు. పుడుతుంది! పుడితే ఏం? ఆకలేసినవాడల్లా పక్కవాడి క్యారేజీ లాక్కుంటున్నాడా?

ఆడా మగా కలిసి నడవడం కొత్తేం కాదు. ఇరవై ఏళ్లయినా నిండని మల్లు స్వరాజ్యం 1940ల్లో తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టి దళాన్ని నడిపింది. ఆమె వెంట నడిచినవాళ్లలో మగవాళ్లు లేరా? ఆ పోరాటంలోనూ ఆడవాళ్లను అనుమానాలు వదల్లేదు. ఆ ఆడవాళ్ల అనుభవాల పుస్తకం "మనకు తెలియని మన చరిత్ర" తిరగేస్తే ఆ చేదూ తెలుస్తుంది. అయినా కలిసే నడిచారు, కలిసే నిజాం రాజ్యాన్ని గడగడలాడించారు! మనకేమో ప్రాజెక్టు టీములో కలిసి పనిచేయడానికే వణుకు.

ఎంత తెలివి, ఎంత సత్తువ ఈ చాటుమాటు చూపుల్లో, ఈ గుసగుసల్లో ఆవిరైపోతోంది! కలిసి కోడ్ రాయొచ్చు. కలిసి నాటకం ఆడొచ్చు. ఊరికో గ్రంథాలయం కోసం కలిసి కొట్లాడొచ్చు. వరదొస్తే కలిసి పడవెక్కొచ్చు, ఉద్యోగ నోటిఫికేషన్ రాకపోతే కలిసి రోడ్డెక్కొచ్చు! సగంమంది మిగతా సగాన్ని అనుమానిస్తూ కూర్చుంటే ఇవన్నీ ఎవరు చేస్తారు?

చెల్లెళ్లారా, ఎవరిని నమ్మాలో మీరే తేల్చుకోండి. పుకారుకు జడిసి మాత్రం మంచి నేస్తాన్ని వదులుకోకండి. తమ్ముళ్లారా, ఆ నమ్మకం నిలబెట్టే బాధ్యత మనదే. రేపు గ్రూపులో ఒక అమ్మాయి పేరుతో వెకిలి మెసేజి పడితే, పెట్టింది నీ ప్రాణ స్నేహితుడే అయినా సరే, అందరి ముందూ వాణ్ని నిలదియ్యి!