తుంటి ఆపరేషన్‌కు ముహూర్తం ఎవరు పెట్టాలి?

ఈ వారం పచ్చళ్లూ పొడులూ పక్కన పెట్టి, మీతో ఒక నొప్పి గురించి మాట్లాడతాను. మా అత్తమ్మకు తుంటి మార్పిడి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. ఇప్పుడు బాగానే నడుస్తోంది. కానీ అది రెండేళ్ల ముందే కావలసిన ఆపరేషన్. ఆమె భయపడటం వల్లే ఆలస్యమైందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను. అది సగం నిజమే. మిగతా సగం ఇవాళ మీకు చెప్తాను.

మాది రుద్రూర్. నిజాంసాగర్ కాలువ నీళ్లతో వరి పండే ఊరు. అత్తమ్మ నలభై ఏళ్లు బురదలో వంగి నాట్లు వేసిన మనిషి. మొదట మోకాలు నొప్పి అంది. నూనె మర్దనా, వేడినీళ్ల కాపడం, నొప్పి మాత్రలు, అన్నీ మోకాలికే. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలినట్టు అని సామెత కదా, సరిగ్గా అలాగే అయింది. చెడింది తుంటి, ఏడ్చింది మోకాలు! నిజామాబాద్‌లో ఎముకల డాక్టరు గారు కాలు వంచి లోపలికి తిప్పగానే గజ్జల్లో నొప్పితో అరిచింది. తుంటి కీలు గిన్నెలో బంతి పెట్టినట్టు ఉంటుంది. మధ్యలో ఉండే మెత్తటి పొర అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకుంటోందట.

"ఆపరేషన్ అవసరమే. ఎప్పుడన్నది మీ ఇష్టం" అన్నారు డాక్టరు గారు. ఆ "మీ ఇష్టం" దగ్గరే మేం చిక్కుకున్నాం.

"నాట్లయినంక జూద్దాం బిడ్డా" అంది అత్తమ్మ. తర్వాత "బతుకమ్మ పోనీ" అంది. ఆ తర్వాత "మనవరాలి పెండ్లి కానీ" అంది. ప్రతిసారీ నేను "సరే అత్తమ్మా" అన్నాను. ఎందుకన్నాను? ఆమె మంచం మీద ఉంటే బర్రె పాలు, వంట, పిల్లల పరీక్షలు అన్నీ నా ఒక్కదాని మీదే పడతాయి. పైగా డబ్బు సర్దాలి. ఆమె వాయిదా వేస్తుంటే నాకూ అనుకూలంగానే ఉండింది. ఇదే నేను దాచిన సగం.

ఒకరోజు సాయంత్రం చాయ్‌తో పాటు నీళ్ల గ్లాసు ఇస్తే వద్దంది. మర్నాడూ అంతే. గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది. రాత్రి లేచి బాత్‌రూమ్‌కు నడవాల్సి వస్తుందని, నాలుగు దాటితే నీళ్లు ముట్టడం మానేసిందట. ఎన్నాళ్ల నుంచి అంటే, "యాదికి లేదు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి ఎప్పుడు చేయించుకోవాలి? మూడు రకాలుగా ఆలోచించాలి.

పడి తుంటి విరిగితే ఆలోచించే తీరికే ఉండదు. మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ గారు 2023 డిసెంబర్ 7 రాత్రి జారిపడితే, మర్నాడే హైదరాబాద్‌లో తుంటి మార్చారు. 2024 ఫిబ్రవరి 1న చేతికర్రతో వచ్చి ఎమ్మెల్యేగా ప్రమాణం చేశారు. పెద్దవాళ్లకు తుంటి విరిగితే పసరు కట్లు కట్టి రోజులు గడపకండి.

తుంటి బంతికి రక్తం అందక ఎముక దెబ్బతినే జబ్బు ఇంకొకటి. ఇది ముప్పై, నలభై ఏళ్ల వాళ్లకూ వస్తుంది. స్టెరాయిడ్ మందులు ఎక్కువగా వాడినవాళ్లలో, బాగా తాగేవాళ్లలో చూస్తుంటారు. తొలిదశలో పట్టుకుంటే కొందరికి సొంత కీలును నిలుపుకునే వీలుంటుంది. అందుకే వెంటనే చూపించాలి.

మూడోది అత్తమ్మకు వచ్చిన అరుగుదల. ముహూర్తం మన చేతిలో ఉండేది ఇక్కడే. ఎక్స్‌రే ఒక్కటే నిర్ణయించదు. ఒక నెల రోజులు నోటు పుస్తకంలో ఇవి రాయండి: రాత్రి నొప్పికి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? ఎంత దూరం ఆగకుండా నడిచారు? కాలిగోళ్లు తీసుకోగలిగారా, చెప్పు తొడుక్కోగలిగారా? ఎన్ని నొప్పి మాత్రలు మింగారు? నొప్పికి భయపడి ఏ పని మానేశారు? బరువు తగ్గడం, వ్యాయామం, నొప్పి లేని వైపు చేతిలో కర్ర, ఇవన్నీ చేసినా పుస్తకం నెలనెలా బరువెక్కుతుంటే డాక్టరుతో తేదీ మాట్లాడండి.

తొందరపడితే? కృత్రిమ కీలు కూడా అరుగుతుంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం పదింటిలో సుమారు ఆరు కీళ్లు 25 ఏళ్లు నిలుస్తాయి. చిన్న వయసులో మార్చితే మళ్లీ మార్చాల్సి రావచ్చు. మరీ ఆలస్యం చేస్తే? తొడ కండ బలహీనపడుతుంది, కీలు బిగుసుకుపోతుంది. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కడుపుకూ, కిడ్నీలకూ ముప్పు. అత్తమ్మకు నొప్పి పోయింది కానీ కండ బలం రావడానికి చాలా నెలలు పట్టింది. కొద్దిగా కుంటు ఇప్పటికీ ఉంది. అది మా వాయిదాల గుర్తు.

తేదీ ఖాయం కాగానే చేయాల్సినవి: రక్తం తక్కువుంటే పెంచుకోవాలి, షుగరు అదుపులోకి తేవాలి. పుచ్చిన పళ్లు, చర్మం మీద పుండ్లు, మూత్రంలో చీము ముందే నయం చేయించుకోవాలి. లేదంటే కొత్త కీలుకు చీము పట్టే ప్రమాదం. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఇంట్లో ఎత్తు కుర్చీ, కమోడ్ సిద్ధం చేయండి. గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు వేయడం డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. చాలామందిని మర్నాటికే నిలబెడతారు కాబట్టి భయం వద్దు.

ఇంకొక మాట. పేషెంటు తేదీతో పాటు, ఆ ఆరు వారాలు ఇంటిపని ఎవరెవరు పంచుకుంటారో కూడా కాగితం మీద రాయండి. మా ఇంట్లో మావారు పాలు పిండారు, అబ్బాయి అన్నం వండాడు. ప్రాణాలేం పోలేదు! ముందే అడిగి ఉంటే రెండేళ్లు మిగిలేవి.

ఈ సాయంత్రం మీ ఇంట్లో పెద్దావిడకు ఒక గ్లాసు నీళ్లివ్వండి. వద్దంటే ఎందుకని అడగండి. వచ్చే వారం మళ్లీ వంటింట్లో కలుద్దాం.