తొట్టి గోడ ఉబ్బితే భయపడాలా?



కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వంటి పట్టణాల్లోనే కాదు, మన పల్లెల్లో కూడా కొన్ని ఇళ్లలో ఇప్పుడు చేపల తొట్టి కనబడుతున్నది. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటారు. గాజుదైతే పగులుతుందేమోనని కొందరు అక్రిలిక్ తొట్టి తెస్తారు. నీళ్లు నింపి మరునాడు చూస్తే ముందు గోడ బయటికి కాస్త ఉబ్బి ఉంటుంది. "ఇది పగిలిపోతుందా? పిల్లలు దాని పక్కనే కూర్చుంటారే!" అని తల్లులు కలవరపడతారు. ఆ కలవరం ఎంతవరకు అవసరమో ఈ నెల ఆలోచిద్దాం.

ముందు నీటి సంగతి తెలుసుకోవాలి. చెరువు కట్ట మీద నిలబడ్డ రైతును అడగండి. చెరువు ఎన్ని ఎకరాలన్నది కట్టకు పెద్ద లెక్క కాదు, నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయన్నదే లెక్క అంటాడు. భద్రాచలం దగ్గర గోదావరిని కూడా అడుగుల్లోనే కొలుస్తారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి మన ప్రాంతం వారు మరచిపోలేరు. నీరు లోతయ్యే కొద్దీ అడుగున ఒత్తిడి పెరుగుతుంది. అందుకే చెరువు కట్టను కింద వెడల్పుగా, పైకి పోను పోను సన్నగా పోస్తారు.

చేపల తొట్టికీ ఇదే న్యాయం. మూడు అడుగుల పొడవున్న తొట్టిలో ఒక అడుగు ఎత్తు నీళ్లుంటే ముందు గోడ మీద సుమారు 42 కిలోల తోపుడు ఉంటుంది. అదే తొట్టిలో రెండు అడుగుల ఎత్తు నింపితే అది 84 కాదు, సుమారు 170 కిలోలు అవుతుంది. ఎత్తు రెండింతలైతే తోపుడు నాలుగింతలన్నమాట. తొట్టి ముందు నుండి వెనుకకు ఎంత వెడల్పున్నా ఈ లెక్క మారదు. కనుక కొనేటప్పుడు "ఎన్ని లీటర్లు?" అని అడగడం కంటే "ఎంత ఎత్తు?" అని అడగడం మేలు.

ఇక అక్రిలిక్ గుణం చూద్దాం. ఇది గాజు కాదు, గాజులా కనబడే ఒక రకం ప్లాస్టిక్. బరువు గాజులో సగమే ఉంటుంది. దెబ్బ తగిలితే గాజు కంటే ఎన్నో రెట్లు ఓర్చుకుంటుంది. కాని అదే మందం గల గాజుతో పోలిస్తే ఇరవై రెట్లకు పైగా సులువుగా వంగుతుంది. వెదురు బద్ద వంగినంత మాత్రాన విరిగినట్టు కాదు గదా! అలాగే అక్రిలిక్ గోడ కొద్దిగా ఉబ్బడం దాని స్వభావమే. ఆ ఉబ్బు ఒకచోట ఆగిందా, లేక పెరుగుతూనే ఉందా అన్నదే మనం చూడవలసింది.

ఎందుకంటే ఈ పదార్థం మీద బరువు నిలిచి ఉంటే రోజులు గడిచే కొద్దీ అది మెల్లగా సాగుతుంది. మొదటి రోజుల్లో కొంత పెరిగి తరువాత నిలకడకు రావాలి. కంటితో చూస్తే ఈ తేడా తెలియదు. ఒక తిన్నని కర్ర బద్దను గోడకు అడ్డంగా, ఉబ్బిన నడుమ భాగానికి ఆనించి పట్టుకోండి. రెండు చివర్ల ఎడం సమానంగా ఉండేలా చూసి, ఆ ఎడాన్ని స్కేలుతో కొలవండి. నింపిన రోజు, వారానికి, నెలకు కొలిచి తేదీతో రాసి పెట్టుకోండి. ప్రతిసారీ ఒకే ఎత్తులో కొలవాలి. ఒకే అంకె వస్తుంటే నిశ్చింతగా ఉండండి. నెల నెలకూ పెరుగుతుంటే మాత్రం ఉపేక్షించవద్దు.

ఉబ్బు కంటే ముఖ్యంగా చూడవలసినవి అతుకులు. కట్ట తెగేటప్పుడు బలహీనమైన చోటే ముందు గండి పడుతుంది. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలోని పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడినప్పుడు ఆ నీరు పొలాల మీద, ఊళ్ల మీద పడింది. నీరు దారి దొరికేదాకా ఆగి, దొరికాక ఆగదు. తొట్టి మూలల్లో తెల్లని వెంట్రుక గీతలు, అతుకులో కొత్త బుడగలు, పై పట్టీలో పగులు కనబడితే వెంటనే నీటిని సగానికి దించండి. సగానికి దించితే తోపుడు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆ తరువాతే మిగిలిన ఆలోచన.

పెద్ద తొట్లకు సైతం ఈ జాగ్రత్త తప్పదు. జర్మనీ దేశపు బెర్లిన్ నగరంలో ఒక హోటల్ లోపల దాదాపు 50 అడుగుల ఎత్తున ఆక్వాడోమ్ అనే అక్రిలిక్ తొట్టి ఉండేది. అందులో పది లక్షల లీటర్ల నీరు, సుమారు 1500 చేపలు. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున అది ఒక్కసారిగా బద్దలైంది. జనం తిరిగే వేళ కాకపోవడం వల్ల ప్రాణనష్టం తప్పింది. ఇద్దరికి గాయాలయ్యాయి, చేపల్లో చాలా భాగం చనిపోయాయి. నిపుణులు పరిశీలించి కూడా ఫలానాదే కారణమని తేల్చలేకపోయారు. వారు అనుమానించిన వాటిలో అతుకు విడిపోవడం ఒకటి.

మన ఇళ్లలో చేయవలసినవి కొన్ని ఉన్నవి. తొట్టి పైన చుట్టూ ఉండే పట్టీని చేయి దూరడం లేదని కోసివేయవద్దు. గోడలను పట్టి ఉంచేది అదే. తొట్టి అడుగు అంతటా సమంగా ఆనేలా గట్టి పలక ఉండాలి. మూడు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండు అడుగుల ఎత్తు తొట్టిలో నీళ్లే 250 కిలోలు దాటుతాయి. టీవీ బల్ల అంత బరువు మోయదు. అక్రిలిక్ వేడికి మెత్తబడే గుణం గలది. మన వైపు ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి గనుక ఎండ పడే కిటికీ దగ్గర, పొయ్యి దగ్గర ఉంచవద్దు. స్పిరిటుతో గాని, థిన్నరుతో గాని, అద్దాలు తుడిచే మందుతో గాని తుడిస్తే వెంట్రుక పగుళ్లు వస్తాయి. మెత్తని నూలు గుడ్డ, మంచినీళ్లు చాలు. అతుకు కారితే పైపైన సిలికాన్ పూసి ఊరుకోవద్దు. అది గాజును పట్టుకున్నట్టు అక్రిలిక్‌ను పట్టుకోదు.

కొనబోయే వారికి ఒక మాట. రేకు మందం రెండింతలైతే ఉబ్బు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి డబ్బు చాలకపోతే పలుచని రేకుతో ఎత్తైన తొట్టి కొనకండి, మందమైన రేకుతో పొట్టి తొట్టి కొనండి. చేపలకు ఈదడానికి పొడవు కావాలి గాని ఎత్తు అంతగా అక్కరలేదు. తెచ్చిన తరువాత మొదట వాకిట్లో పెట్టి నీళ్లు నింపి, వారం రోజులు కొలిచి చూడండి. నిలకడగా ఉన్నదని తేలాక చేపలను వదలండి. పిల్లలను దాని పక్కన కూర్చోనివ్వడం ఆ తరువాతనే.