సామాజికుని తీర్పు

కథ చదివేవాడు ఒంటరివాడు. నాటకం చూచేవాడు పదిమందిలో ఒకడు. అందుచేతనే కాబోలు మన ఆలంకారికులు ప్రేక్షకునికి 'సామాజికుడు' అని పేరు పెట్టినారు. నేడు రంగస్థలం ఇంటిలోని టెలివిజన్ తెరమీదికి, అక్కడినుండి విద్యార్థి అరచేతిలోనికి వచ్చినది. చూచుట ఒంటరిపని అయినది. కాని చూచిన మరునాడు పదిమందిలో కూర్చొని తీర్పు చెప్పే అలవాటు మాత్రం పోలేదు. ఆ తీర్పు ఎట్లు ఉండవలెనన్నదే ఈనాటి ప్రశ్న.

'ఢిల్లీ క్రైమ్' అనే హిందీ ధారావాహికను పాఠకులలో చాలమంది చూచియే ఉందురు. 2012 డిసెంబరులో రాజధానిలో ఒక యువతిపై జరిగిన ఘోరాన్ని, నేరస్థులను పోలీసులు వెదకి పట్టిన విధాన్ని రిచీ మెహతా 7 భాగాలుగా చిత్రించగా, 2019లో నెట్‌ఫ్లిక్స్ దానిని ప్రసారం చేసినది. 2020లో దానికి ఉత్తమ నాటక ధారావాహికగా అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారం లభించినది. భారతదేశానికి ఆ గౌరవం దక్కుట అదే మొదలు. తరువాత 2022 ఆగస్టు 26వ తేదీన రెండవ సీజను వెలువడినది. దీనికి దర్శకుడు తనుజ్ చోప్రా. ఢిల్లీ పోలీసు కమిషనరుగా పనిచేసిన నీరజ్ కుమార్ తన గ్రంథంలో వివరించిన ఒక కేసు దీనికి ఆధారం.

రెండవ సీజనుపై ప్రేక్షకుల అభిప్రాయాలు రెండు పాయలుగా చీలినవి. మొదటిదానిలోని బిగువు ఇందులో లేదని కొందరన్నారు. అయిదే భాగాలు కావుటచేత కథ పరుగెత్తినదనీ, పాత్రలు నిలద్రొక్కుకొనకముందే ముగింపు వచ్చినదనీ వారి ఫిర్యాదు. మొదటి కథ దేశాన్నంతటినీ కుదిపివేసిన సంఘటన. ఈ కథ చాలమంది ఎరుగనిది. మరికొందరు షెఫాలీ షా నటనను, తిలోత్తమా శోమ్ నటనను వేనోళ్ల పొగడినారు. బిగువు మాట ఎట్లున్నా ఆలోచన రెండవదానిలోనే ఎక్కువ అన్నవారూ ఉన్నారు. ఈ వ్యాసకర్త మొదటి పాయకు చెందినవాడు. 'రెండవది తేలిపోయినది' అని సహోపాధ్యాయుల మధ్య గట్టిగానే అన్నవాడు. ఆ తీర్పును ఎందుకు తిరిగి విచారించుకొనవలసి వచ్చినదో చెప్పవలసి ఉన్నది.

ఈ కథలో దక్షిణ ఢిల్లీలోని సంపన్నులైన వృద్ధులు వరుసగా హత్యకు గురి అవుతారు. హత్యల పద్ధతి ఒకనాటి 'కచ్ఛా బనియన్' ముఠాల పద్ధతిని పోలి ఉంటుంది. వెంటనే పోలీసుల దృష్టి మురికివాడలలో నివసించే విముక్త జాతుల మీదికి పోతుంది. పదవీ విరమణ చేసిన ఒక అధికారిని నిపుణుడని పిలిపిస్తారు. ఆ జాతులవారు పుట్టుకతోనే నేరస్థులని ఆయన సిద్ధాంతం. ఉన్నతాధికారిణి వర్తికా చతుర్వేది ఆ సిద్ధాంతాన్ని అంగీకరించదు. కాని పైనుండి ఒత్తిడి, పత్రికల ఘోష, నగరంలో భయం. తీరా విచారించగా అసలు హంతకులు వేరు; పాత ముఠా పద్ధతిని అనుకరించి, నేరం ఇతరులమీదికి పోయేటట్లు చేసినవారు. మొదటి సీజను 'నేరస్థుడు ఎక్కడ?' అని అడిగినది. రెండవది 'నేరస్థుడని నీవు ఎవరిని చూచి అనుకొన్నావు?' అని అడుగుతున్నది. మొదటి ప్రశ్నలో మనం పోలీసుల పక్షాన నిలిచి ఊపిరి బిగబట్టవచ్చును. రెండవ ప్రశ్నలో బోను ఎక్కవలసినది మనమే. బిగువు తగ్గినదని మనకు తోచుటకు ఇది కూడ ఒక కారణమేమో!

ఆ నిపుణుని సిద్ధాంతం ఆయన స్వంతం కాదు. ఒకప్పుడు అది ఈ దేశపు శాసనం. 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరజాతుల చట్టాన్ని చేసినది. 1911నాటి చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడ వ్యాపించినది. ఒక జాతిని ప్రభుత్వం నేరజాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదు. పేర్లు నమోదు చేయుట, వేలిముద్రలు తీసికొనుట, వేళకు హాజరు పలికించుట, అనుమతిచీటీ లేనిదే ఊరు దాటనీయకుండుట — ఇవి ఆ చట్టపు పనులు. పిల్లలను తలిదండ్రులనుండి వేరుచేసి ప్రత్యేక పాఠశాలలలో ఉంచే అధికారం కూడ అందులో ఉన్నది. దొంగతనం చేయనివాడు కూడ పుట్టినందుకు రాత్రివేళ హాజరు పలుకవలెను. మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఈ చట్టం రద్దయినది. 'విముక్త జాతులు' అనే పేరు ఆ రద్దునుండి వచ్చినదే. రెండవ సీజను వెలువడిన నాటికి ఆ విముక్తికి 70 ఏండ్లు నిండుటకు అయిదు దినాలే తక్కువ. ఈ సంగతి ఎరుగక ఆ ధారావాహికను చూచుట, పూర్వకథ తెలియకుండ ఉద్యోగపర్వం చదువుట వంటిది.

ఇది ఢిల్లీ ముచ్చట అని తెలుగువారు చేతులు దులుపుకొనుటకు వీలులేదు. బాపట్ల సమీపాన స్టువర్టుపురం ఆ చట్టం నాటిన మొక్కయే. ఆనాటి మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతపదవి వహించిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఆ ఊరికి పెట్టినారు. ఎరుకలవారిని అక్కడ నిలిపి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించినారు. తరువాతి కాలంలో మహాకవి జాషువ కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ ప్రాంతంలో సంస్కారోద్యమం నడిపినారు. అయినను మన వెండితెరకు ఆ ఊరు దొంగల ఊరుగానే కావలసి వచ్చినది. 1991లో ఒక చిత్రానికి ఆ ఊరి పోలీసు స్టేషనే పేరయినది. 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' తమ ఊరిని చూపిన తీరుపై ఆ గ్రామస్థులు అభ్యంతరం చెప్పినారు. ఆ అభ్యంతరాన్ని మనలో ఎందరం చెవిని పెట్టినాము?

ఈ వ్యాసకర్త తీర్పును మార్చినవాడు ఒక విద్యార్థి. తరగతిలో మాటవరుసకు రెండవ సీజను బలహీనమని అనగా, పాఠం ముగిసిన తరువాత అతడు వచ్చి తలుపు దగ్గర నిలిచినాడు. "మాస్టారూ, మా ఊరేదని ఎవరైనా అడిగితే బాపట్ల అని చెప్తానండి. అసలు పేరు చెప్పిన నాటినుంచీ హాస్టల్లో ఎవరి వస్తువు పోయినా ముందు నా పెట్టె వైపే చూశారు. ఆ సీరియల్ మేం నలుగురం కలిసి చూశాం. ఆ రిటైరయిన పోలీసాయన మాట్లాడుతుంటే మావాళ్లు తలలూపారు. అసలు హంతకులు వేరేవాళ్లని చివర తేలింది గదండీ, అప్పటికి సగంమంది నిద్రపోయారు" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే వినుట కొంత సులువుగా ఉండెడిది.

ఈ మాటలో ఒక విమర్శ ఉన్నది. అది మన విమర్శలన్నింటికంటె సూటియైనది. దురభిప్రాయాన్ని ఖండించుట కొరకే అయినను, దానిని ముందు బిగ్గరగా పలికించి, ఖండనను చివరకు దాచినప్పుడు, వినేవాని మనస్సులో ఏది నిలుస్తుంది? అనుమానానికి గురియైనవారు ఆ అయిదు భాగాలలోను ఎక్కువగా బాధితులుగానే కనబడినారు. వారి ఇల్లు, వారి పరిహాసం, వారి పిల్లల చదువు మనకు తెలిసినది స్వల్పం. రచయితల ఉద్దేశం మంచిదే. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఫలితం గూర్చి అడుగరాదని లేదు. రెండవ సీజను లోపం వేగంలో లేదు, నిడివిలో లేదు. తాను ఎవరి పక్షాన మాట్లాడదలచినదో వారిని తగినంతగా మాట్లాడనీయకపోవుటలో ఉన్నది. అయినను ఆ ప్రశ్నను లక్షలమంది ముందు పెట్టిన గౌరవం దానిది.

తెనాలి రామకృష్ణుడు పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ కథ చెప్పినాడు. వేదవిదుల వంశంలో పుట్టినవాడు. దుర్వ్యసనాలకు లోబడి, ఇంటి సొమ్మును, కష్టపడి తనను దిద్దవచ్చిన అక్క ముక్కరను సయితం దోచుకొని పోయినవాడు. ఆ కథను తరతరాలుగా బోధిస్తున్నాము. నిగమశర్మను చూచి అతని కులమంతా దొంగల కులమని ఎవరూ అనలేదు, అనరాదు కూడ. అతడొక్కడే దోషి. ఉన్నత కులంలో పుట్టినవానికి మనం సహజంగా ఇచ్చిన ఈ న్యాయం ఎరుకల బాలునికి, డోమరి బాలునికి ఎందుకు ఇవ్వలేకపోతున్నాము?

ఉపాధ్యాయులకు ఒక మనవి. విద్యార్థులు ఇట్టివి చూచుట మానరు. మానవలసిన పనియూ లేదు. చూచినదానిని గూర్చి తరగతిలో ఒక్క గంట మాట్లాడించండి. 'బాగున్నదా?' అన్న ప్రశ్నతో ఆగక, 'మధ్యలో నీవు ఎవరిని అనుమానించినావు? ఎందుకు?' అని అడుగండి. సమాధానం వ్రాయించండి. ఆ కాగితం ఎవరికీ చూపనక్కరలేదు; వ్రాసినవాడు చదువుకొంటే చాలును. హాజరుపట్టీ మన చేతిలో ఉన్నది. ఒకప్పుడు ఈ దేశంలో మరియొక విధమైన హాజరుపట్టీ ఉండెడిదని, అందులో పసివాని పేరు ఎక్కుటకు పుట్టుక ఒక్కటే చాలినదని విద్యార్థులకు తెలియవలెను.

ఆ విద్యార్థి ఈ సంవత్సరం పట్టం పుచ్చుకొన్నాడు. వీడ్కోలు సభలో తన ఊరి పేరు తానే చెప్పినాడు. సభ ఒక్క క్షణం నిశ్శబ్దమై, తరువాత చప్పట్లు కొట్టినది. ఆ ఒక్క క్షణపు నిశ్శబ్దం కూడ అవసరం కాని రోజున, సభలో కూర్చున్నవారు సామాజికులు అన్న పేరుకు తగినవారవుతారు.