పేరు ఫెండర్... లోపల కలగూరగంప!

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ రెండో ఏడు. చదువు మాటెలా ఉన్నా, వాళ్ల చర్చి క్వయర్‌లో బాస్ గిటార్ వాయించేది మాత్రం వాడే. ఇన్నాళ్లూ అరువు గిటారే. ఈమధ్య ఓ శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. 'మావయ్యా, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే ఒకాయన గిటార్ అమ్మేస్తున్నాడు. 1976 నాటి ఫెండర్ జాజ్ బాసట! అరవై వేలకే ఇస్తానంటున్నాడు' అని. ఆ ఆత్రం వింటే మనసులో అప్పటికే కొనేసినట్టుంది. అరవై వేలంటే మా అక్క వాడి ఫీజు కోసం దాచిన సొమ్ము. అందుకే టేపు, స్టార్ స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని నేనూ బయల్దేరాను.

అబద్ధమెందుకు, చూడగానే ముచ్చటేసింది. నల్లటి ఒళ్లు, తల మీద 'ఫెండర్' అన్న అక్షరాలు, మెడ వెనక స్టీలు రేకు మీద ఆరంకెల నంబరు. 'ఇంకేం కావాలి' అన్నట్టు నావైపు చూశాడు మావాడు. నిజానికి పాత గిటార్ బేరంలో ఆఖరున నమ్మాల్సినవి ఆ రెండే. లోగో విడిగా దొరికే స్టిక్కర్. రేకు విప్పి ఇంకోదానికి బిగించడం ఐదు నిమిషాల పని.

ఇదంతా లియో ఫెండర్ చలవే. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే కొట్టు నడిపిన మనిషాయన. గిటార్ వాయించడం రాదు కానీ, రిపేర్లు చేసేవాడి బుర్ర. 1951లో ప్రెసిషన్ బాస్, 1960లో జాజ్ బాస్ తెచ్చాడు. అప్పట్లో గిటార్లకు మెడను ఎక్కువగా జిగురుతో అతికించేవారు. ఈయన స్క్రూలతో బిగించేశాడు. మెడ పాడైందా, విప్పి ఇంకోటి పెట్టుకో! ఆ సౌకర్యమే డెబ్బై ఏళ్లకు పైగా ఇలాంటి కలగూరగంపల్ని పుట్టిస్తోంది. ఒకదాని మెడ, ఇంకోదాని ఒళ్లు, మూడోదాని పికప్‌లు.

'ఓసారి విప్పి చూడొచ్చాండీ?' అనడిగితే ఆయన సరేనన్నాడు. (విప్పనివ్వనంటే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.)

ముందు టేపు తీశాను. తల దగ్గర తీగలు ఆనుకునే చిన్న పట్టీని నట్ అంటారు. జాజ్ బాస్‌కు అక్కడ వెడల్పు 38 మిల్లీమీటర్లు. దీనికి 42 వచ్చింది. అది ప్రెసిషన్ తరహా మెడ. పైగా 1970ల మధ్య నుంచి కొన్నేళ్లపాటు జాజ్ బాస్ మెడను మూడు బోల్టులతో బిగించారు. దీనికేమో నాలుగు స్క్రూలు! అవి విప్పి, మెడ అడుగున తేదీ ముద్రో పెన్సిల్ రాతో ఉంటుందేమోనని చూశాను. ఏమీ లేదు. మెడ కూర్చునే గుంటలో మాత్రం, ఎత్తు సరిపోవడానికి మడిచి పెట్టిన విజిటింగ్ కార్డు ఒకటి దొరికింది. ఏదో సెల్‌ఫోన్ రీచార్జి కొట్టుది! గుంట అంచున రంగు లేచినచోట చెక్క పొరలు పొరలుగా కనిపించింది. ప్లైవుడ్. 1970ల్లో ఫెండర్ వాళ్లు వాడింది యాష్, ఆల్డర్ లాంటి అసలు కలప.

మరి ఆ 1976 ఎక్కణ్నుంచి వచ్చింది?

వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద 'పాట్'లుంటాయి. జాజ్ బాస్‌కు మూడు. ఇందులో రెండు కొత్తవి, చిన్నవి. మూడోదాని వీపు మీద 1377633 అనుంది. 137 అంటే తయారుచేసిన సీటీఎస్ కంపెనీ గుర్తు. 76 ఏడాది, 33 వారం. అంటే 1976 ఆగస్టు. ఎవరో ఎప్పుడో ఆ అంకె చదివి, గిటార్ మొత్తానికి అదే వయసు అంటగట్టేశారన్నమాట. తాతగారి గోడగడియారం తగిలించినంత మాత్రాన ఇల్లు తాతల నాటిదైపోతుందా!

ఆ పెద్దమనిషి ముఖం చూడలేకపోయాను. ఎనిమిదేళ్ల కిందట యాభై వేలు పోసి కొన్నాడట. 'నాకిలా ఎవరూ విప్పి చూపించలేదండీ' అన్నాడు.

'అయితే ముక్కలు కలిపినదానికి విలువుండదా?' అన్నాడు మావాడు. ఎందుకుండదు! ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్లు ఆరు కొన్నాడు. మూడు స్నేహితులకిచ్చి, మిగిలిన మూడింట్లోని మంచి భాగాలతో ఒక గిటార్ చేసుకున్నాడు. ఆ 'బ్లాకీ' 2004లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. అది గిటార్ ధర కాదు, క్లాప్టన్ చేతుల ధర. మామూలు బేరాల్లో ముక్కలన్నీ అసలువే అయినా, ఒరిజినల్‌కు వచ్చే ధర రాదు. చాలాసార్లు విడిభాగాలుగా అమ్మితే వచ్చేంత కూడా రాదు.

కాబట్టి పేరుకు సున్నా వేసి, వాద్యంగా ఎంత చేస్తుందో చూశాం. నట్ నుంచి పన్నెండో మెట్టుకు 17 అంగుళాలుండాలి. అక్కణ్నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనేచోటికి ఇంచుమించు అంతే, లావు తీగలకు కాస్త ఎక్కువ. వేరేదాని మెడ తగిలించినప్పుడు ఈ లెక్క తప్పితే, ఎంత శ్రుతి చేసినా పైమెట్ల మీద స్వరం పలకదు. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. అదృష్టం, దీనికి కుదిరింది. మెడ వంగలేదు, మెట్లూ పెద్దగా అరగలేదు. మళ్లీ బిగించి వాయిస్తే గదిలో కిటికీ అద్దాలు అదిరాయి.

ఇదే స్థాయి కొత్త బాస్‌కు షాపులో అయ్యే ధరలో సగం కట్టి, పాట్‌లకు, బిగుసుకుపోయిన ఒక ట్యూనింగ్ కీకి అయ్యే ఖర్చు తీసేస్తే తొమ్మిది వేలు తేలింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అక్కకు ఫోన్ చేసి చెప్తే 'పాపం, ఇంకో వెయ్యి కలిపి ఇవ్వరా' అంది. పది వేలకు ఖాయమైంది.

ఇంటికొచ్చాక లోగో గీకెయ్యమన్నాను. మావాడు గునిశాడు. 'రేపు నువ్వూ అమ్ముతావు కదరా' అంటే కాసేపాలోచించి బ్లేడు తెచ్చుకున్నాడు. ఆపైన స్క్రూలు విప్పి, ఆ విజిటింగ్ కార్డు వెనక 'మెడ ప్రెసిషన్ తరహా, ఒళ్లు ప్లైవుడ్, ఒక పాట్ 1976' అని బాల్‌పెన్నుతో రాసి, మళ్లీ గుంటలోనే పెట్టి నాలుగు స్క్రూలూ బిగించాడు.